మూడో విజిల్

హైస్కూల్ బాస్కెట్‌బాల్‌కి ముగ్గురు రిఫరీలు ఉండాలని మెర్ల్ హానిక్ మూడేళ్లు గొంతు చించుకున్నాడు. నెబ్రాస్కా పడమటి ఊళ్ల రిఫరీల సంఘం ఎప్పుడు కూడినా లేచి అదే పాట.

"బంతి ఒకటి, విజిళ్లు మూడా? రేపు నాలుగోవాణ్ణి కూడా అడుగుతావు, పేకాటకి!" అని నవ్వేవాళ్లు.

నవ్వి చావనీ అనుకునేవాడు. అతని బెంగ బంతి గురించి కాదు, డ్వేన్ మోకాలి గురించి.

ఇరవై రెండేళ్లుగా వాళ్లిద్దరూ జంటగా ఆటలు ఆడిస్తున్నారు. మోకాలు పాడయ్యాక డ్వేన్ బుట్ట కిందికి ఆలస్యంగా చేరేవాడు. వాడు చూడాల్సింది మెర్లే చూసి, వాడి బదులు విజిల్ ఊదేవాడు. ఎవరికీ తెలియనివ్వలేదు. మూడో మనిషి ఉంటే పరుగు తగ్గుతుంది, డ్వేన్ ఇంకొన్నేళ్లు నిలబడతాడు, ఎన్నడూ పిలుపు రాని రాష్ట్ర పోటీలకు ఒక్కసారైనా ఇద్దరూ కలిసి వెళ్లొచ్చు. అతని ఆశంతా అదే.

చివరికి రూలు వచ్చింది. కోడీ అనే లెక్కల మాస్టారు వాళ్లకు మూడోవాడయ్యాడు.

ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం, అమ్మాయిల ఆట. సంఘం పంపిన పరిశీలకుడు నోట్‌బుక్కు పట్టుకుని జనంలో కూర్చున్నాడు. రాష్ట్ర పోటీలకు ఎవరు పనికొస్తారో అతని మార్కులే తేలుస్తాయి. ఆటకు ముందు మెర్లే జాగ్రత్తలు చెప్పాడు.

"ఎవరి వైపు జరిగితే వాళ్లదే తీర్పు. రెండోవాడు ఊదినా పిడికిలెత్తి ఊరుకోవాలి. సైగ మాత్రం చెయ్యొద్దు, తెలిసిందా?"

ఇంకో రెండు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా ఒకమ్మాయి బంతితో దూసుకొచ్చి, అడ్డు నిలిచిన పొడుగమ్మాయిని గుద్దింది. అది డ్వేన్ చూడాల్సిన చోటు. వీడు అందుకోలేడన్న పాత భయంతో మెర్ల్ విజిల్ ఊదేసి, రెండు చేతులూ నడుముకి ఆనించాడు. అంటే తప్పు అడ్డు నిలిచిన పిల్లదని. అయ్యో, డ్వేన్ అక్కడే ఉన్నాడు! ఠంచనుగా వచ్చి, చెయ్యి తల వెనక పెట్టుకుని నిలబడ్డాడు. అంటే తప్పు గుద్దిన పిల్లదని.

రెండు సైగలూ పడ్డాక వెనక్కి తీసుకునే వీల్లేదు, ఇద్దరమ్మాయిల మీదా తప్పు రాయాల్సిందే. పొడుగమ్మాయికి అది అయిదోది, అయిదు తప్పులైతే ఇక ఆడే వీల్లేదు. ఏడుస్తూ బయటికి పోయింది. ఆమె ఊరివాళ్లు మెర్ల్‌ని తిట్టిన తిట్లు రాయడానికి నాకు చెయ్యి రాదు.

ఆట అయ్యాక, కుస్తీ పరుపులు పేర్చిన గదిలో ముగ్గురూ బట్టలు మార్చుకుంటున్నారు. కోడీ తినడానికి చిల్లీ సూపు తెస్తానని బయటికెళ్లాడు.

"ఆ పరిశీలకుడేమన్నాడ్రా?" అన్నాడు మెర్ల్.

"ముగ్గురిలో ఇద్దరు బాగున్నారన్నాడు." డ్వేన్ మొహం తిప్పుకున్నాడు. "మార్చి పోటీలకి పేర్లు పంపాలి కదరా. మేం ఇందాక మన సంఘంలోని బ్రెంట్‌ని అడిగాం, నీ చోట్లోకి."

"మేం అంటే?"

"నేనూ, కోడీ."

"నీ బదులు ఊదీ ఊదీ అలవాటైపోయి ఊదాన్రా!"

"తెలుసు. పరుగు తగ్గాక ఇప్పుడు నాకా అవసరం లేదు కదా. నేనూ ఒక్కసారైనా వెళ్లాలిరా."

"నువ్వు కుంటినన్నాళ్లూ మనం. కాలు కుదురుకోగానే మేం. భలేవాడివిరా!"

డ్వేన్ నేల మీద ఒక మోకాలు ఆనించి, ఏ ఇబ్బందీ లేకుండా బూటు లేసు కట్టుకున్నాడు.