కుడి బుగ్గ మీది మచ్చ

అన్నం ముట్టకుండా చనిపోయిన చెరకు కూలీ పరదేశి, పొద్దుగూకాక అనకాపల్లి రోడ్డు మీద పాడెనెక్కి తిరుగుతున్నాడన్న మాటను ఆ ఊళ్లో నమ్మనివారు లేరు. నడుమెత్తు తెల్లటి పెట్టె. మోసేవాళ్లుండరు, ఇంజను చప్పుడుండదు. చెరకు తోటల మధ్యనుంచి కిర్రు కిర్రుమంటూ వస్తుంది. దగ్గరపడేసరికి దాని పక్కభాగంలో పరదేశి ముఖం వెలుగుతుంది. అది చూసి ఆ ఊరి సత్తియ్య సైకిలు రోడ్డు మీదే పారేసి పరుగెత్తాడు.

పరదేశి భార్య మరిడమ్మకు భయం కన్నా బాధే ఎక్కువ. అతడు పోయిన రోజు పొద్దున మాటామాటా పెరిగి ఆమె చద్దన్నం పెట్టలేదు. అతడు అలాగే చెరకు నరకడానికి వెళ్లి, తోటలోనే గుండె ఆగి కూలిపోయాడు. ఇవాళ పొద్దుగూకాక ఆమె గిన్నెలో అన్నం, చేపల పులుసు పెట్టుకుని బయలుదేరింది.

"ఎల్లకే అమ్మా! ఎదురెల్తే తీసుకుపోతాడంట," కూతురు లావణ్య చెయ్యి పట్టుకుంది.

"తీసుకెల్తే ఎల్తాను. బతికున్నన్నాళ్లూ సంతకైనా తీసుకెల్లనేదు. ఆకలితో తిరుగుతన్నాడంటే ఇంట్లో ఎలాగ కూకోమంతావే?"

రోడ్డు మీద గాలి లేదు. అయినా చెరకు ఆకులు గరగరలాడినట్టే ఉంది. కిర్రుమన్న చప్పుడు వినబడింది. ఆ వెనకే తెల్లటి పెట్టె. అదే మీసం, అదే నవ్వు. మరిడమ్మ గిన్నె చాచింది.

"ఏటయ్యా, కోపం పోనేదా?"

పెట్టె ఆగింది. ఆమె వంగి చూసింది. ఎడమ బుగ్గ మీదుండే పుట్టుమచ్చ కుడి బుగ్గ మీదుంది. గిన్నె వెనక్కి లాక్కుంది.

"నువ్వు మా ఆయనవి కాదు. ఎవడివిరా?"

పెట్టె మూత లేచింది. చెమటతో తడిసిన తల ఒకటి పైకొచ్చింది.

"నేనే అత్తా, స్టాన్లీని! పక్కూరోణ్ణి."

అనకాపల్లిలో మోటార్లు బాగుచేసే షాపుకు రోజూ వెళ్లిరావడానికి పాత సైకిలు చక్రాలు మూడు, ప్లాస్టిక్ పైపులు కలిపి, పడుకున్నట్టు కూర్చుని తొక్కే బండి కట్టుకున్నాడు. వానకి పైన కప్పిన ఫ్లెక్సీ పాత సామాన్ల కొట్లో దొరికింది.

"మామ శ్రద్ధాంజలి ఫ్లెక్సీయే అత్తా. పోయినోళ్ల బొమ్మ రోడ్డున పెట్టుకు తిరగడం బాగోదని లోపలికి తిప్పేను."

అతడు లోపలి లైటు ఆర్పాడు. ముఖం పోయి ఫ్లెక్సీ తెల్లటి గుడ్డలా మిగిలింది.

"అయితే ఆకలితో తిరగడం నేదు," అంది మరిడమ్మ. ఆ తెల్లటి ఫ్లెక్సీ వైపే చూస్తూ, "ఇంకోసారి ఎలిగించు," అంది.

పల్చటి ఫ్లెక్సీకి బొమ్మవైపు దీపం పెడితే, ఆ బొమ్మ వెనకవైపు ఎడమ కుడిగా మారి కనబడుతుంది.