తెర వెలగకూడదని

స్విచ్చి వేశాను. డబ్బాలో ఫ్యాను తిరిగింది, పచ్చలైటు వెలిగింది, తెర మాత్రం నల్లగానే ఉంది. హమ్మయ్య అనుకున్నాను. కంప్యూటరు పాడైందని సంతోషించిన సూపర్‌వైజరు సూరత్ మొత్తంలో నేనొక్కడినే అయి ఉంటాను.

పక్కన స్టూలు మీద బిక్షపతన్న కూర్చున్నాడు. కుడిచేతికి మణికట్టు దాకా కట్టు. ఆ కట్టు లోపల రెండు వేళ్లు లేవు. నిన్ననే దవాఖాన నుంచి వచ్చాడు. ఇవాళ పొద్దున్నే ఆటో ఎక్కి పల్సానాలోని మా మగ్గాల షెడ్డుకు వచ్చేశాడు. వేళ్లు పోయిన రోజు కెమెరాలో రికార్డయింది చూడాలట.

"ఏమైంది నరహరీ?"

"బొమ్మ వస్తలేదన్నా."

"జర మంచిగ చూడు. రేపు కొత్తది వస్తదట గద. దీన్ని భంగారోనికి ఇచ్చేస్తమని సేఠు చెప్పిండు."

భంగారోడంటే పాతసామాన్లు కొనేవాడు. నేను ఎదురుచూస్తున్నది కూడా వాడికోసమే.

మా షెడ్డులో నలభై మగ్గాలు ఆడుతుంటే పక్కవాడు అరిచినా వినపడదు. అందుకే మాకో కట్టుబాటు ఉంది. ఆపిన మగ్గంలో చేయి పెట్టేవాడు దాని హ్యాండిల్ మీద తన తువ్వాల వేస్తాడు. తువ్వాల ఉన్న మగ్గాన్ని ఎవడూ నడపడు. ఆ రోజు బిక్షపతన్న వేశాడు, మగ్గం అవతల కిందికి వంగి పని చేసుకుంటున్నాడు. నేను అటుగా పోతూ, ఎవడో మరిచిపోయాడనుకుని, చెమట తుడుచుకోవడానికి దాన్ని లాక్కున్నాను. ఎంత బుద్ధిలేని వెధవనో చూడండి, కొత్తవాళ్లకు ఆ కట్టుబాటు నేర్పేదే నేను. అంతలో మా షెడ్డులోనే పనిచేసే బిక్షపతన్న చెల్లెలి మొగుడు లింగం వచ్చాడు. ఖాళీ హ్యాండిల్ చూసి మగ్గం నడిపాడు.

తువ్వాల లేదని లింగం అంటాడు. వేశానని బిక్షపతన్న అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, నేను ఒక్కడినే నోరు మూసుకున్నాను. రికార్డు చెరిపేద్దామని రెండుసార్లు కూర్చున్నాను, చేయి రాలేదు. మూడోనాడు కంప్యూటరే మొరాయించింది. బతికిపోయాననుకున్నాను, సిగ్గు లేకుండా.

ఇప్పుడు ఆయన ముందు నాటకం మొదలుపెట్టాను. తెర వైరు ఊడదీసి మళ్లీ పెట్టాను. ఆఫీసులో ఉన్న ఇంకో తెర తెచ్చి తగిలించాను. దేనితోనూ కాదని నాకు తెలుసు. స్విచ్చి వేసినప్పుడల్లా డబ్బా మూడుసార్లు కీచుమంటోంది, అంటే లోపల ర్యామ్ పట్టీ సరిగా అంటడం లేదన్నమాట. రెండు నిమిషాల పని. అరగంట సాగదీశాను.

"మగ్గం ఆగితే మనం ముందుగాల ఏం జేస్తం? పీచు తీస్తం," అంటూ ఆయనే ఎడమచేత్తో డబ్బా మూత జరిపాడు. లోపల నూలుపీచు మందంగా పేరుకుపోయి ఉంది. "గీ పట్టీ జూడు, ఎంత పట్టిందో. తీసి తుడువు."

తీయక తప్పలేదు. తుడిచాను. తిరిగి పెట్టేటప్పుడు సగమే నొక్కాను. మళ్లీ మూడుసార్లు కీచుమంది. నా వీపు మీద చెమట కారుతోంది.

"ఇది ఖతమైందన్నా. పోనియ్."

ఆయన కట్టు ఉన్న చేతిని ఒళ్లోకి తీసుకున్నాడు.

"చేతి ఏళ్లు పోతే పోయినయి తమ్మీ. కని లింగం నా ముంగట నిలబడి అబద్ధమాడిండు. గసొంటోని ఇంట్ల మా చెల్లె సారక్కను ఉంచ. రేపు భేస్తాన్‌ల ఆళ్ల ఇంటికి పోయి, పిల్లతోని సహా తోల్కొస్త. ఒక్కసారి పక్కా జేసుకుందామని వచ్చిన."

నేను రేపటిదాకా నెట్టుకొస్తే చాలనుకున్నాను. రేపు సారక్క కాపురం కూలుతుందని నాకు తట్టనేలేదు. పట్టీని రెండు బొటనవేళ్లతో గట్టిగా నొక్కాను. టక్కుమని కూర్చుంది.

ఈసారి ఒక్క కూతే. తెర వెలిగింది.

"నేను జూడలేను," అంటూ బిక్షపతన్న ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. "నా ఏళ్లు పోయేది నేనేం జూస్త? నువ్వే జూసి చెప్పు. నువ్వు జెప్పిందే ఖరారు."

తేదీ కొట్టాను, టైము కొట్టాను. తెర మీద నేను నడిచొచ్చాను. తువ్వాల లాగాను, మొహం తుడుచుకున్నాను, భుజాన వేసుకుని వెళ్లిపోయాను. తువ్వాల ఉన్నదన్నా అని ఒక్క మాట అంటే తప్పు లింగం మీదికి పోతుంది, నేను తప్పించుకుంటాను. ఆయన నమ్ముతాడు. నమ్ముతాడనే నాకు చచ్చేంత భయమేసింది.

"లింగం తప్పు లేదన్నా. తువ్వాల నేను తీసిన."

ఆయన ఇటు తిరిగాడు. తెర వైపు చూడలేదు, నన్నే చూశాడు.

"దవాఖానల ఎనిమిది దినాలు బువ్వ కలిపి నా నోట్ల పెట్టినవు గదరా," అన్నాడు మెల్లగా. "గందుకేనా?"

కాదని అనలేకపోయాను.