కిటికీ గట్టు మీద గుడ్డు

ఎలినామి జర్మనీలో ఐదేళ్ళు దైవశాస్త్రం చదివి, డాక్టరు పట్టా పుచ్చుకుని, కిలిమంజారో వాలులో ఉన్న సొంత ఊరికి తిరిగొచ్చి నాలుగు రోజులైంది. వచ్చే ఆదివారం చర్చిలో కృతజ్ఞతల ఆరాధన. చదువుకు సాయపడిన వాళ్ళందరి పేర్లూ ఆమె పైకి చదవాలి. పేరు వినబడినవాళ్ళు లేచి నిలబడాలి. అందరూ నిలబడ్డాక పాస్టరుగారు ఒక్కొక్కరినీ పేరుపేరునా తలచుకుని ప్రార్థన చేస్తారు. ఆ సంఘంలో అది తాతల నాటి పద్ధతి, ఎవరి పేరైనా మర్చిపోతే మనవల కాలం దాకా ఎత్తిపొడుస్తారు.

అందుకని ఎలినామి జాబితా జాగ్రత్తగా రాసుకుంది. బిషప్పుగారు, స్త్రీల సమాజం, పెట్టె అరువిచ్చిన బడిపంతులు, జర్మనీలో గది ఇచ్చి సూపు పోసిన ముసలి దంపతులు. వాళ్ళు ఇక్కడికొచ్చి నిలబడలేరు కనక వాళ్ళ బదులు పంతులుగారి భార్య నిలబడతానంది. అంతా కుదిరింది. ఒక్క పేరే తెలియదు, గుడ్డు పెట్టినవాళ్ళ పేరు.

ఆ చర్చిలో చేతిలో డబ్బు ఆడనివాళ్ళు అరటిగెలో, చెరుకుగడో, కోడో కానుకగా తెస్తారు. ఆరాధన అయ్యాక బయట పచ్చిక మీద వాటిని వేలం వేస్తారు. కానుక మీద ఎవరి పేరుంటే వాళ్ళ కోసం పాస్టరుగారు ప్రభువు బల్ల దగ్గర పేరు పెట్టి ప్రార్థించి తీరాలి. ఎలినామి విమానం ఎక్కాక వచ్చిన మొదటి ఆదివారమే కానుకల మధ్య ఒక నాటుకోడి గుడ్డు కనబడింది. దాని మీద బొగ్గుతో ఎలినామి అని రాసి ఉంది. మరుసటి ఆదివారం ఇంకొకటి. అలా ఐదేళ్ళూ వచ్చింది. ఒక ఏడు తెగులు తగిలి ఊళ్ళో సగం కోళ్ళు చచ్చినా గుడ్డు మాత్రం తప్పలేదు.

వేలంలో దాని వైభవమే వేరు. పాడుకున్నవాడు "మళ్ళీ వెయ్యండి" అని తిరిగిచ్చేసేవాడు. ఇంకొకడు పాడుకునేవాడు, వాడూ తిరిగిచ్చేవాడు. ఒక చలికాలం ఒక్క గుడ్డే ఎనిమిది చేతులు మారి ఎలినామికి ఉన్ని కోటు కొనిపెట్టింది. అన్ని చేతులు మారీ అది పగలకపోవడం దేవుడి కృపేనని ఊళ్ళో వాళ్ళు ఇప్పటికీ నవ్వుకుంటారు.

ఈ సంగతులన్నీ ఎలినామికి పాస్టరుగారి ఉత్తరాల ద్వారా తెలిసినవే. ప్రతి ఉత్తరం చివరా 'నీ గుడ్డు తప్పకుండా వస్తూనే ఉంది' అని ఒక ముక్క ఉండేది. రెండో ఏడు హీబ్రూ పరీక్ష తప్పిన వారం ఆమె పెట్టె సర్దేసుకుంది. ఇంక ఈ చదువు నా వల్ల కాదనుకుంది. అది ఆదివారం పొద్దున్న. గడియారం చూసింది. ఈపాటికి అక్కడ నా పేరు చదువుతూ ఉంటారు కదా అనిపించింది. కాసేపు కూర్చుని, పెట్టె విప్పి, బట్టలు మళ్ళీ బీరువాలో పెట్టుకుంది. సిగ్గేసి ఈ మాట ఎవరికీ చెప్పుకోలేదు. కానీ తనను ఆ గదిలో నిలబెట్టిన మనిషి ఎవరో తెలుసుకోకుండా ఆదివారం నిలబడి అందరికీ కృతజ్ఞతలు చెప్పడం ఆమెకి దొంగపనిలా తోచింది.

ముందు తల్లిని అడిగింది. అనాసియా వాకిట్లో పీట మీద కూర్చుని పచ్చి అరటికాయలు చెక్కు తీస్తోంది.

"అమ్మా, ఆ గుడ్డు ఎవరు పెట్టేవారే?"

"కోడి."

"అబ్బ, ఎవరి కోడి అనీ?"

"ఐదేళ్ళు సముద్రాల అవతల చదివొచ్చి అడిగే ప్రశ్న ఇదా? ఆ గిన్నె ఇటు తొయ్యి."

"చెప్పవే. నీకు తెలీకుండా ఈ ఊళ్ళో ఏం జరుగుతుంది?"

"నేను మొదటి బెంచీలో కూర్చుంటాను. వెనకేం జరుగుతుందో చూడ్డానికి వీపుకి కళ్ళున్నాయా నాకు?" అంది అనాసియా. ఆ తర్వాత అరటికాయల మీద అంత శ్రద్ధ ఆమె ఎప్పుడూ పెట్టలేదు.

స్త్రీల సమాజం అధ్యక్షురాలు ఇంకా తెలివైనది. "మేమే పెట్టామని చెప్పుకుందామనే ఉందమ్మా. కానీ మా కోళ్ళ సంగతి ఊరందరికీ తెలుసు, వారం వారం అంత బుద్ధిగా పెట్టే రకాలు కావవి" అని మాట దాటేసింది. ఎవరిని కదిపినా ఇదే వరస. అందరికీ ఏదో తెలుసు, ఎవరి నోటా రాదు. ఎలినామికి కుతూహలం కాస్తా పట్టుదలైంది.

మిగిలింది ఉరియో. ఆయన సంఘపెద్ద. చర్చి తలుపులు తీసేదీ, గంట కొట్టేదీ, వేలం వేసేదీ ఆయనే. వేలంలో ఆయన గొంతు లోయ అవతలి ఊరికి కూడా వినబడుతుంది. ఆ రోజు మాత్రం పక్కనున్న ఎలినామికే సరిగా వినబడలేదు.

"పెద్దనాన్నా, గుడ్డు బల్ల మీద పెట్టేది నువ్వే కదా. నీకెవరిచ్చేవారు?"

"ఎవరూ ఇచ్చేవారు కాదమ్మా. దొరికేది."

"ఎక్కడ?"

"కిటికీ గట్టు మీద."

"ఏ కిటికీ?"

ఉరియో నాలిక్కరుచుకున్నాడు. "చర్చి అన్నాక కిటికీలు బోలెడుంటాయి. డాక్టరువైతే మాత్రం ఇన్ని ప్రశ్నలా?" అని టోపీ నెత్తిన పెట్టుకుని, మేకకి గడ్డి వెయ్యాలని వెళ్ళిపోయాడు. ఆయనకి మేక లేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఎలినామి చర్చి చుట్టూ తిరిగింది. కుడి పక్క గోడకి నాలుగు కిటికీలు. మూడో కిటికీ కింద పచ్చిక లేదు. రెండు పాదాలు పట్టేంత మేర నేల నున్నగా తేలి ఉంది. ఎవరో చాలాకాలం అక్కడ నిలబడ్డారు. ఎలినామి తన పాదాలు అందులో పెట్టి లోపలికి చూసింది. ప్రసంగ వేదిక కనబడుతోంది, బల్ల కనబడుతోంది, వెనక బెంచీలు కనబడుతున్నాయి. ఆడవాళ్ళ మొదటి బెంచీ ఒక్కటే స్తంభం చాటున పడిపోయింది. అక్కడి నుంచి ఇటు చూసినా ఈ కిటికీ కనబడదన్నమాట.

చర్చికి వచ్చి లోపలికి రానిదెవరు? సంఘం వెలివేసినవాళ్ళకి బల్ల దగ్గర ప్రభు భోజనపు రొట్టె ఇవ్వరు, వాళ్ళ కానుక తీసుకోరు, ప్రార్థనలో వాళ్ళ పేరు చదవరు. అయినా వాళ్ళు వెనక బెంచీలో కూర్చోవచ్చు, కూర్చుంటారు కూడా. ఈ మనిషి అది కూడా చెయ్యలేదు. ఒక్క బెంచీలో వాళ్ళ కంట పడకుండా ఐదేళ్ళు నిలబడింది. ఆ బెంచీలో కూర్చునేది అమ్మ.

ఎలినామి చప్పున పాదాలు బయటికి తీసుకుంది. పై ఇంటావిడ.

వాళ్ళింట్లో ఆవిడకి అదే పేరు. ఎలినామికి తొమ్మిదేళ్ళప్పుడు నాన్న ఐకాండే అనే ఆవిడని రెండో పెళ్ళి చేసుకుని, అరటితోటకి పైన వేరే ఇల్లు కట్టాడు. సంఘం ఇద్దరినీ వెలేసింది. నాన్న చనిపోయే ముందు మంచంలో పశ్చాత్తాపపడి రొట్టె తీసుకున్నాడు. ఐకాండే బయటే మిగిలిపోయింది. అనాసియా ఒక్క మాటంటే చేర్చుకుంటామన్నారు సంఘపెద్దలు. ఐకాండే రెండుసార్లు ఇసాలె ఆకు పట్టుకుని కిందికొచ్చింది. క్షమాపణ అడుగుతూ ఆ ఆకు చేతిలో పెడితే కాదనడం వాళ్ళ చాగా తెగలో ఏ మనిషికీ కుదరదు. అందుకే అనాసియా రెండుసార్లూ ఆకుని దూరం నుంచే చూసి, దొడ్డిదారిన తోటలోకి వెళ్ళిపోయి, ఆవిడ పోయేదాకా అరటిచెట్ల మధ్య దాక్కుంది. ఈ ముచ్చట ఊరంతా చెప్పుకుంటుంది. ఎలినామి మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఆవిడతో ఒక్క మాట మాట్లాడలేదు.

ఆమె తిన్నగా ఉరియో ఇంటికి వెళ్ళింది. "ఐకాండేనా?" అంది.

ఉరియో అరుగు మీద కూలబడ్డాడు. "ఆ పేరు నువ్వు చదివావంటే నా పెద్దరికం గంగలో కలిసినట్టే. వెలివేసిన మనిషి కానుక బల్ల మీదకి ఎలా వచ్చిందని అడుగుతారు. పెట్టింది నేనే."

"ఎందుకు పెట్టావు?"

"మొదటి వారం ఎవరిదో తెలీక పెట్టాను. రెండో వారం తెలిసి పెట్టాను. మూడో వారం నుంచి అది లేకపోతే వేలం నడవదు, ఏం చెయ్యమంటావు?"

శనివారం పొద్దున్న ఎలినామి తోట దాటి పైకి వెళ్ళింది. ఐకాండే కోళ్ళకి జొన్నలు చల్లుతోంది. సన్నటి మనిషి, తలగుడ్డ కింద జుట్టు నెరిసింది. ఎలినామిని చూసి చెయ్యి ఆపలేదు.

"వచ్చినట్టు మీ అమ్మకి తెలుసా?"

"తెలీదు."

"అయితే కూర్చోకు. నిలబడే మాట్లాడు. కూర్చుంటే చుట్టరికమవుతుంది."

ఎలినామి నిలబడే చెప్పింది. పెట్టె సర్దుకున్న ఆదివారం సంగతి కూడా చెప్పింది. ఐకాండే చెయ్యి అప్పుడు ఆగింది.

"విప్పేశావా మళ్ళీ?"

"విప్పేశాను."

"మంచి పని చేశావు" అంది. "అయితే ఆ వారం గుడ్డు బాగానే పనిచేసిందన్నమాట."

"రేపు చర్చిలో మీ పేరు చదువుతాను."

"వద్దు. మా పేర్లు చదవకూడదు, రేపోమాపో పాస్టరువి కాబోయేదానివి నీకు తెలీదా? ముసలాయన ఉరియోకి చీవాట్లు పడతాయి. మీ అమ్మ లేచి వెళ్ళిపోతుంది, ఇంక చర్చి గడప తొక్కదు. ఆవిడకి నేను చేసింది చాలు."

"మరి నా కోసం ఐదేళ్ళు ఎందుకు పెట్టారు? నన్నెప్పుడూ పలకరించనైనా లేదు మీరు."

"నీ కోసమని ఎవరన్నారు?"

ఐకాండే కోళ్ళ వంక చూస్తూ మాట్లాడింది.

"నా పేరు చదవరు. అప్పట్లో ఆయన పేరూ చదివేవాళ్ళు కాదు. మీ అమ్మ పేరు నేను రాస్తే అది వెటకారంలా ఉంటుంది. మీ ఇంట్లో, అంటే మా ఇంట్లో, చదవదగ్గ పేరు ఒక్కటే మిగిలింది. నువ్వా, దేశం దాటావు. దూరదేశం పోయిన పిల్లకి ఎవరు ప్రార్థన చేయించినా ఎవరూ వింతగా చూడరు. పాస్టరుగారు ఎలినామి అనేవారు. నేను కిటికీ దగ్గర తల వంచుకునేదాన్ని. అందులో కాస్త నా మీద కూడా పడుతుందేమోనని." చేతికంటిన పొట్టు దులుపుకుంది. "ఐదేళ్ళు నీ పేరు వాడుకున్నాను. కృతజ్ఞతలు నేను చెప్పాలి నీకు."

ప్రభువు బల్ల దగ్గరికి ఎవరిని రానివ్వాలి అన్న విషయం మీద ఎలినామి మూడు వందల పేజీల గ్రంథం రాసింది. దాన్ని చదివి జర్మనీలో పెద్ద పెద్ద పండితులు తలలూపారు. కిటికీ బయట తల వంచుకున్న మనిషి అందులో ఎక్కడా లేదు. ఆమెకి తన మీద తనకే అసహ్యమేసి, అక్కడే నిలబడి ఏడ్చింది. ఐకాండే ఓదార్చలేదు, వెళ్ళమనీ అనలేదు.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. ఎలినామి వేదిక ఎక్కే దాకా ఏమీ తేల్చుకోలేదు. పేరు చదివితే అమ్మ వెళ్ళిపోతుంది, ఉరియో తలదించుకోవాలి, సంఘం కట్టు తెగుతుంది. చదవకపోతే ఈ కృతజ్ఞతలన్నీ ఉత్త మాటలే. ఒక్కొక్క పేరూ చదివింది. బిషప్పుగారు నిలబడ్డారు. స్త్రీల సమాజం మొత్తం చప్పుడు చేసుకుంటూ నిలబడింది. పంతులూ భార్యా నిలబడ్డారు. జాబితా అయిపోయింది. పాస్టరుగారు ప్రార్థనకి కదిలారు.

మూడో కిటికీలో తలగుడ్డ అంచు ఒక్కటే కనబడుతోంది.

"ఇంకొకరున్నారు" అంది ఎలినామి. "మా పిన్ని."

ఆ మాట ఆమె నోట రావడం అదే మొదటిసారి. పేరు చదవకూడదన్న కట్టు ఉంది గాని, వరస పెట్టి పిలవకూడదని ఎక్కడా లేదు. అయినా అర్థం కానివాళ్ళు ఆ చర్చిలో ఒక్కరు లేరు. ఉరియో తన టోపీలోకి చూసుకున్నాడు. మిగతా అందరూ మొదటి బెంచీలో ఉన్న అనాసియా వీపు వంక చూశారు. ఎవరూ లేవలేదు. పిలుపందుకున్నవాళ్ళు నిలబడందే ప్రార్థన మొదలెట్టకూడదు. పాస్టరుగారు పుస్తకం మూసి, తెరిచి, మళ్ళీ మూశారు.

అనాసియా వెనక్కి తిరగలేదు. భుజం మీది శాలువా సర్దుకుని, కూతురి మొహంలోకి చూస్తూ, వెనక బెంచీ దాకా వినబడేలా అంది.

"ఎవరి కోసం చూస్తున్నావు? ఆవిడ నిలబడే ఉంది. ఐదేళ్ళ నుంచీ నిలబడే ఉంది. ప్రార్థన కానివ్వమను."

పాస్టరుగారు సందేహంగా ముందుకి వంగారు. "అనాసియమ్మా, మరి పేరు చెప్పమంటారా?"

"ఏం, ఆవిడకి కన్నవాళ్ళు పేరు పెట్టలేదా?"

పాస్టరుగారు వరసగా అందరి పేర్లూ చెప్పి ప్రార్థించారు. అన్నిటికన్నా చివర ఐకాండే అన్నారు. ఇరవై నాలుగేళ్ళ తర్వాత ఆ పేరు ఆ చర్చిలో వినబడింది.