తోమకూడని పెనం

నేను ఒక పెనాన్ని. దోసెల పెనం అనుకునేరు, కాదు. బజ్జీ బన్ను పెనాన్ని. విశాఖ పాతబస్తీలో ముప్పై ఏళ్లుగా నిప్పుల మీదే నా కాపురం. అయినా మనుషుల మీద నాకు కోపం లేదు. నన్ను కాల్చినవాళ్లే కాపాడారు కూడా.

పూర్వం నేనొక పాత ఓడ అడుగున ఇనప పలకను. ఓడను విరగ్గొట్టి తుక్కు కింద అమ్మేస్తుంటే సన్యాసయ్య, దాలినాయుడు అనే ఇద్దరు స్నేహితులు నన్ను ఏరుకున్నారు. కమ్మరి చేత గుండ్రంగా కోయించి పిడి పెట్టించారు. ఉప్పునీళ్లలో బతికినదాన్ని ఏకంగా వెన్నలో పడ్డాను. పూర్వజన్మ సుకృతమంటే ఇదే కాబోలు.

ఇద్దరికీ కలిపి ఒకటే బండి. బన్నును మధ్యకు చీల్చి, వెన్న రాసి నా మీద ఎర్రగా కాల్చి, లోపల వేడి మిరపకాయ బజ్జీ, ఉల్లిపాయ ముక్కలు, చింతపండు పచ్చడి పెట్టి ఇచ్చేవారు. రేవులో కళాసీల దగ్గర్నుంచి కాలేజీ పిల్లల దాకా ఎగబడ్డారు. అయిదేళ్లు తిరిగేసరికి ఊరికి చుట్టాలొస్తే సముద్రం తర్వాత చూపించేది మా బండినే.

పేరుతోపాటే పేచీ కూడా వచ్చింది. బజ్జీని చిదిమి పెట్టాలని సన్యాసయ్య, నిండుగా పెట్టాలని నాయుడు. మీరు నవ్వుతున్నారు, మొదట్లో నేనూ నవ్వాను. అదే ముదిరి పంపకాల దాకా వెళ్లింది. పెనం సన్యాసయ్యకు, మూకుడు నాయుడికి. ఒకే వీధిలో ఎదురెదురుగా కొట్లు వెలిశాయి. ఇటు 'అసలు బజ్జీ బన్ను' అని బోర్డు కట్టగానే, వారంలో అటు 'అసలైన మొదటి బజ్జీ బన్ను' అని ఇంకాస్త పెద్దది లేచింది. ఊరు రెండు పార్టీలైంది. ఇటు తిన్నవాడు అటు మంచినీళ్లు కూడా ముట్టడు. ఒకే ఇంటి తండ్రీ కొడుకులు చెరో వైపు నిలబడి, ఒకరినొకరు ఎరగనట్టు నమలడం నా కళ్లారా చూశాను. పెనానికి కళ్లెక్కడివని అడక్కండి.

ఇరవై రెండేళ్లు ఆ ఇద్దరికీ మాటల్లేవు. కానీ సన్యాసయ్య రోజూ అటు తొంగి చూసి, నాయుడి పొయ్యి అంటుకున్నాకే మా పొయ్యి వెలిగించేవాడు. ఎందుకో నాకు తెలిసేది కాదు.

నన్ను మాత్రం ఆయన పసిపిల్లలా చూసుకున్నాడు. ఒంటిమీద నీటిచుక్క పడనిచ్చేవాడు కాదు. సగం ఉల్లిపాయను నూనెలో ముంచి రుద్దేవాడు. ఆయుధ పూజనాడు కూడా పొడిగుడ్డతో తుడిచి, పిడికి బొట్టు పెట్టి ఊరుకునేవాడు. ఏళ్ల తరబడి పట్టిన ఆ నూనె నలుపే నా విద్యంతా. దాని మీద బన్ను జారుతుందే గాని అంటుకోదు.

ఆ గుట్టు ఎవరికీ చెప్పకుండానే ఒక వేసవిలో ఆయన కన్నుమూశాడు. కొట్టు కోడలు నూకరత్నం చేతికొచ్చింది. ఆయన లేని కొట్టుకు జనం పలచబడ్డారు. రేవులో పనిచేసే ఆమె భర్త, "దసరాకీ జనం రాకపోతే కొట్టు ఎవులికో ఒకులికి ఇచ్చీద్దుం" అనేశాడు. ఆమెకేమో ఆ కొట్టంటే ప్రాణం. మామగారి పేరు తన చేతుల్లో పోకూడదని పంతం.

ఆ పంతంతోనే మహర్నవమి నాడు కొంప ముంచింది. మాసిన పనిముట్టుకు పూజేమిటనుకుని, చింతపండు, బూడిద, కొబ్బరిపీచు ముందేసుకు కూర్చుంది. రెండు గంటలు తోమింది. పాతికేళ్లకు పైబడిన నలుపంతా కాలవ పాలైంది. నేను పెళ్లివారి వెండి పళ్లెంలా తయారయ్యాను. పసుపు రాసి, దండ వేసి, భక్తిగా దణ్ణం పెట్టింది. నన్నింత ప్రేమగా ఎవరూ పాడుచేయలేదు.

మర్నాడు పండగ. సాయంత్రం నాలుగింటికి వీధి నిండా జనం. మొదటి బన్ను నాకు అంటుకుపోయింది. రెండోది చిరిగింది. మూడోది మాడింది. వరసలో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వీధి దాటి నాయుడి కొట్టుకు పోతున్నారు. నూకరత్నం కన్నీళ్లు నా మీద పడి సుయ్యిమన్నాయి.

నాయుడికి నిజానికి అది పండగలో పండగ కావాలి. ఆయన మాత్రం ముక్కెగరేసి వాసన పట్టాడు. గరిటె పక్కన పెట్టి, పొయ్యి ఆర్పి, కొట్టు ముందున్న జనాన్నలాగే వదిలేసి, ఇరవై రెండేళ్లలో తొలిసారి వీధి దాటాడు.

"ఏటే అమ్మా ఈ మాడు కంపు? పెనం ఎవులు తోమినారు?"

"నానే మావయ్యా. పూజకని..."

"ఓలమ్మ! తోమీసినావా? ఆడు సెప్పలేదేటి నీకు?"

నా అంచు మీద వేలు పెట్టి తడిమాడు. ఆయన ముంజేతి మీద ఒక పాత కాలిన మచ్చ ఉంది. బండి రోజుల్లో నేను పెట్టిందే. "జరుగు" అని పొయ్యి ముందు కూర్చున్నాడు.

నూనె పూయడం, పొగ లేచేదాకా కాల్చడం, ఉల్లిపాయతో రుద్దడం, చల్లార్చడం, మళ్లీ పూయడం. అలా ఆరుసార్లు. రెండు పార్టీల జనమూ తినడానికేమీ లేక నడివీధిలో కలిసి నిలబడి, చాలా ఏళ్ల తర్వాత కబుర్లాడుకున్నారు. దీపాలు పెట్టేవేళకు నాకు పల్చగా నలుపు తిరిగింది.

"మీ కొట్టు మూసీసి మాకు సేత్తన్నారేటి మావయ్యా?" అంది నూకరత్నం.

"ఎదురుగుండా ఈ కొట్టు లేకపోతే, నాదే అసలుదని ఎవులితో దెబ్బలాడీది?" అన్నాడాయన. సన్యాసయ్య రోజూ అటెందుకు తొంగి చూసేవాడో నాకప్పుడు తెలిసింది.

బన్ను వేశారు. జారింది. నూకరత్నం బజ్జీ చేతిలో పట్టుకుని ఆగింది.

"నిండుగా పెట్టనా మావయ్యా?"

"ఇది ఆడి కొట్టు. సిదిమే పెట్టు."

ఆఖరి ముక్కదాకా తిని, వేలికంటిన పచ్చడి కూడా నాకి, "బాలేదు" అన్నాడు. "ఇంకోటి కాల్చు."

కొట్టు నిలిచింది. మర్నాడే నాయుడు తన బోర్డుకు కొత్త రంగు వేయించాడు, అది వేరే సంగతి. ఇది జరిగి మూడేళ్లు. ఒకరు తోమి, ఒకరు కాల్చి నన్ను ఇంతదాన్ని చేశారు. అందరికీ రుణపడి ఉన్నాను. ఏటా నవమినాడు నూకరత్నం నన్ను పొడిగుడ్డతో తుడిచి రెండు బొట్లు పెడుతుంది. ఒకటి మామగారికి. రెండోది పెడుతూ వీధి అవతలికి చూస్తుంది. ఆ వెంటనే అటునుంచి కేక వినిపిస్తుంది.

"ఒలే గుంటా, నీల్లు తగలనిచ్చీగలవు, జాగర్త!"