ఖాళీ అట్టపెట్టె

పుస్తకాలు బైండింగు చేసే చోట మైదా జిగురు ఉంటుంది. జిగురున్న చోటికి ఎలుకలు పిలవకుండానే వస్తాయి. అట్టల అంచులు కొరుకుతాయి, కుట్టిన దారాలు తెంపుతాయి. అందుకే బైండింగు మేస్త్రి కొట్టులో నాలుగేళ్లుగా ఒక బూడిదరంగు పిల్లి ఉంటోంది. అది వచ్చాక ఒక్క పుస్తకం కూడా పాడవలేదు. "పెంచుకుంటున్నారా?" అని ఎవరైనా అడిగితే మేస్త్రి నవ్వేవాడు.

"పెంచడమేమిటండీ! అదే వచ్చింది, అదే ఉంటోంది."

పిల్లి ఏడాదికి రెండుసార్లు ఈనేది. కూనలు పాలు నాకడం నేర్చాక మేస్త్రి ఒక అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ పరిచి, వాటిని అందులో ఉంచి, సంత వెనక గోడ వారగా పెట్టి వచ్చేవాడు. పక్కన చిన్న గిన్నెలో పాలు కూడా పోసేవాడు. సాయంత్రం వెళ్లి చూస్తే పెట్టె ఖాళీ.

"చూశావా, లోకంలో దయగలవాళ్లకి కొదవలేదు" అనేవాడు భార్యతో.

ఆమె పుస్తకాల మడతలు కుడుతూ, "దానికి ఆపరేషన్ చేయిస్తే ఈ తిప్పలుండవు కదండీ" అనేది.

"పిల్లికి ఆపరేషనా! రేపు ఎలుకకి కళ్లజోడు పెట్టించమంటావు."

ఆమె నవ్వేసి సూదిలోకి దారం ఎక్కించుకునేది.

మనలో చాలామంది ఈ మేస్త్రిలాంటివాళ్లమే. చెడ్డవాళ్లం కాము. కంటికి కనబడనిదాని సంగతి మరెవరో చూసుకుంటారని నమ్ముతాం, అంతే.

ఒక చలికాలంలో మేస్త్రి భార్య పోయింది. జబ్బు పదిహేను రోజులే. ఆమె కూర్చునే పీట మీద పిల్లి పడుకోసాగింది. మేస్త్రి దాన్ని లేపలేదు. మడతలు తానే కుట్టుకోవడం అలవాటు చేసుకున్నాడు.

కొన్నాళ్లకు పిల్లి మూడు కూనల్ని పెట్టింది. నెల దాటాక, ఎప్పటిలాగే పెట్టె, గుడ్డ, పాలగిన్నె. ఆ సాయంత్రం పని తెమలక అటు వెళ్లలేకపోయాడు. మరునాడు మధ్యాహ్నం దారం ఉండల కోసం బయలుదేరి, సంత వెనక ఆగిపోయాడు.

పెట్టె అక్కడే ఉంది. గిన్నె ఎండిపోయింది. రెండు కూనలు ఒకదానిలో ఒకటి ముడుచుకుని వణుకుతున్నాయి. మూడోది వణకడం లేదు.

ఎదుటి గుండీల కొట్టు తలుపు అప్పుడే తెరుచుకుంది. కొట్టు నడిపే ఆవిడను అందరూ గుండీలమ్మ అంటారు.

"ఏం అన్నయ్యా, అలా నిలబడిపోయావ్?" అంటూ వచ్చి, పెట్టెలోకి చూసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎవరూ తీసుకెళ్లలేదేమిటి చెల్లెమ్మా? ఇదివరకు పూట తిరక్కుండానే పట్టుకెళ్లేవారే!"

"ఎవరు పట్టుకెళ్లేవారనుకున్నావ్?" అందామె మెల్లగా. "వదినే కదా!"

మేస్త్రి పెట్టె మీంచి తలెత్తి ఆమెకేసి చూశాడు.

"నువ్వటు తిరగ్గానే సంచీ పట్టుకుని వచ్చేది. నా వెనకగదిలో ఉంచి, రోజూ పాలు పట్టి, ఇల్లిల్లూ తిరిగేది. గడియారాల తాత దగ్గరొకటి, నర్సమ్మ ఇంట్లో రెండు, పిండిమరలో ఒకటి... పాతికదాకా ఉంటాయి. అడిగి అడిగి ఆ తల్లి కాళ్లరిగిపోయాయనుకో."

"నాతో ఒక్క మాటైనా..."

"నేనూ అన్నాను, చెప్పెయ్ వదినా అని. 'లోకం మంచిదని ఆయన నమ్మకం. నా చేత్తో ఎలా పోగొట్టను' అంది. మూడు రోజులుగా మా అమ్మాయి పురుడని నేను ఊళ్లో లేను, అన్నయ్యా. ఉంటే తీసేదాన్ని."

మేస్త్రి చనిపోయిన కూనను గుడ్డలో చుట్టి, సంత వెనకే మట్టి తవ్వి పూడ్చాడు. మిగిలిన రెండింటినీ చొక్కా లోపల పెట్టుకుని పశువుల ఆసుపత్రికి నడిచాడు.

డాక్టరమ్మ వాటికి వెచ్చటి గుడ్డ చుట్టి, చుక్కచుక్కగా పాలు పట్టింది. "బతుకుతాయి. తల్లిపిల్లి ఎవరిది?"

"నాదేనమ్మా."

"మరి ఇంతకాలం ఏం చేస్తున్నారు?"

"తెలివితక్కువ పని చేస్తున్నానమ్మా."

కూనల్ని తిరిగి తల్లి దగ్గరికి చేర్చి, అవి పాలు మానాక తల్లికి ఆపరేషన్ చేయించాడు. మూడు రోజులు కొట్టు మూసి దాని పక్కనే కూర్చున్నాడు. కూనల్ని ఎవరికీ ఇవ్వలేదు. వాటికీ ఈడు రాగానే ఆపరేషన్‌కు తీసుకువస్తానని చెప్పి, డాక్టరమ్మ చేత తేదీ రాయించుకున్నాడు. తరువాత గుండీలమ్మ చెప్పిన ఇళ్లన్నీ ఒక్కొక్కటిగా తిరిగాడు, కృతజ్ఞత చెప్పడానికి.

గడియారాల తాత దుకాణంలో, బల్ల మీద, ఒక బూడిదరంగు పిల్లి నిద్రపోతోంది. మెడ దగ్గర తెల్లమచ్చ. అచ్చం తల్లి పోలికే.

"దీన్నిచ్చేటప్పుడు మీ ఆవిడ నాచేత ఒట్టేయించుకుందయ్యా" అన్నాడు తాత. "ఆపరేషన్ చేయిస్తాననీ, ఊరెళితే ఎవరికైనా అప్పగించి వెళతాననీ. ఇంట్లో నా మాట వినేది ఇదొక్కటే. ఆవిడ చలవే."

మేస్త్రి చేతులు జోడించాడు. "ఆమె బతికుండగా ఒక్కసారైనా మెచ్చుకోలేదు తాతా. ఇప్పుడామెకి నేనేం చేయగలను?"

తాత కంటికున్న భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆవిడ పడ్డ కష్టం ఇంకొకరు పడకుండా చూడు. ఒక ప్రాణి మన నీడలో ఉండి మనకి పనికొస్తుంటే, దాని బాగోగులూ దాని పిల్లల బాగోగులూ మనవే. మనం వీధిలో వదిలేసి వచ్చిన బరువుని ఎవరో ఒక మంచి మనిషి మోస్తూనే ఉంటుందయ్యా. కాకపోతే, ఆ మనిషి మన ఇంట్లోనే ఉందని మనకి తెలియదు."