మోగని గంట

రోగి గంట నొక్కే వీలునే మోడల్‌లోంచి ఎవరో తీసేశారు.

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ మధ్యమధ్య లాప్‌టాప్ చూస్తున్నదాన్ని, చెయ్యి ఆగిపోయింది. సైదాబాద్‌లో ఒక దవాఖానకు మేం చేస్తున్న సిస్టమ్ అది. మంచం మీది రోగి గంట నొక్కితే నర్సుకు కబురు పోవాలి. ముందు కంప్యూటర్‌లో నమూనా, అంటే మోడల్, సరిపోవాలి. దాన్ని బట్టే అసలు యంత్రం తయారవుతుంది. ఏది ఎప్పుడు జరగాలో చెప్పే గణిత భాష టెంపోరల్ లాజిక్‌లో మేం రాసిన షరతు ఒక్కటే: గంట మోగిన ప్రతిసారీ, ఎప్పటికైనా, నర్సు రావాలి. షరతు తప్పితే మోడల్‌ని దానంతటదే సరిచేసే ప్రోగ్రాం నేను రాశాను. నిన్నటిదాకా తప్పుతున్న షరతు ఇప్పుడు పచ్చగా వెలుగుతోంది. నర్సు వైపు ఏమీ మారలేదు. గంటే మోగదు. ఇక నర్సు రాలేదనేదెవరు?

నా ప్రోగ్రాం మొద్దుది. ఇది మార్చొద్దని తాళం వెయ్యని చోటల్లా చెయ్యి పెడుతుంది. రోగి వైపు తాళం నేనే వేశాను, బాగా గుర్తు.

మా ఆయన వినయే ఆఫీసులో మా టీమ్ లీడ్ కూడా. మీటింగుల్లో నా ప్రోగ్రాం "మన టూల్" అవుతుంది, నేను "టెస్టింగ్ చూసుకునే జ్యోతి"ని అవుతాను. ఒక పూట గిన్నెలు నువ్వు తోమవా అని పెళ్లైన కొత్తలో అడిగేదాన్ని. "చూద్దాంలే" అనేవాడు. ఎప్పుడు మానేశానో గుర్తులేదు. "మా కోడలు నోరెత్తి ఒక్కటి అడగదమ్మా" అని అత్తయ్య ఫోన్లో మురిసిపోతుంటారు.

"రిపోర్ట్ మీద సంతకం పెట్టావా? పదింటికి ఎల్బీ నగర్ ఆఫీసులో ఉండాలి," అంటూ వచ్చాడు వినయ్, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ.

"పెట్టలే. రోగి తాళం ఎవరు తీసిన్రు?"

"ఏంటా భాష, పొద్దున్నే మీ నల్గొండ దిగింది?" అని నవ్వాడు.

"ఎవరు తీసిన్రని అడుగుతున్న. రేపు మంచం మీద మనిషి నొక్కుతనే ఉంటడు, ఎవ్వరికీ వినపడదు. సంతకం పెట్టనని, ఎందుకో కూడా రాసి దవాఖానకే మెయిల్ పెట్టిన."

నవ్వు ఆగిపోయింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నేనే తీశాను జ్యోతీ. ఎంత మార్చినా నీ ప్రోగ్రాం ఇంకో నర్సు కావాలనే అంటోంది, హాస్పిటల్ వాళ్లు పెట్టరు. మనింట్లో నువ్వు అడగడం మానేశాక అంతా సర్దుకుంది కదా... అక్కడా సర్దుకుంటుందనుకున్నాను."