నీలం తిరిగే పొగ

పొగను చదవడంలో మామగారి తర్వాతే ఎవరైనా. నలభై ఏళ్ళు ఇటుక బట్టీ సెగలో కాగిన మనిషి మరి. ఇప్పుడు కోడలి షెడ్డులో, పారేసిన మొక్కజొన్న కండెలను డ్రమ్ముల్లో కాల్చి, పొలం మట్టిలో కలిపే బొగ్గు, అదే బయోచార్, తీస్తున్నాడు. తెల్లపొగ వస్తే కండెల్లో ఇంకా తడి ఉన్నట్టు. పొగ పలచబడి నీలం తిరగ్గానే నీళ్ళు కొట్టాలి. ఆలస్యమైతే బొగ్గు కాస్తా బూడిదవుతుంది. మట్టిలో వందల ఏళ్ళు దాగాల్సిన కర్బనం తిరిగి గాలిపాలవుతుంది.

ఏడాదిగా ఆయన కళ్ళకు పొరలు కమ్ముతున్నాయి. ఎవరికీ చెప్పలేదు. చెబితే పని మాన్పించి కుర్చీలో కూలేస్తారని భయం. ఆ కుర్చీ పేరెత్తితేనే ఆయనకు ఒళ్ళుమంట.

అదృష్టం కొద్దీ షెడ్డులో కోడలి నోరు ఊరుకోదు. "అబ్బ, ఇంకా ఎంత తెల్లగా వస్తోందో!" అంటుంది. కాసేపటికి, "హమ్మయ్య, నీలం తిరిగింది" అంటుంది.

"నాకు తెలీదటమ్మా?" అని కసురుకుంటూనే ఆయన నీళ్ళ గొట్టం అందుకుంటాడు.

ఆ పొద్దున బొగ్గు నాణ్యత చూసే తనిఖీ ఆవిడ వచ్చింది. కోడలు ఆవిడను గోదాములోకి తీసుకెళ్ళింది. డ్రమ్ము ముందు ఆయనొక్కడే మిగిలాడు. ఎటు చూసినా ఒకటే తెలుపు. కేకేస్తే కోడలు వచ్చేది. పరువు అడ్డొచ్చింది.

వాళ్ళు తిరిగొచ్చి డ్రమ్ము వంచితే సగానికి సగం బూడిద.

"ఎవరి పొరపాటిది?" అంది తనిఖీ ఆవిడ.

"నాదేనండి" అంది కోడలు చటుక్కున. "రంగు చూసి చెప్పే పని నాది. ఇవాళ మర్చిపోయాను."

ఆయన కోడలి గొంతు వచ్చిన వైపు తిరిగాడు. ఇంట్లో పిలిస్తే తప్ప పలకని పిల్ల ఇక్కడెందుకలా వాగుతుందో, ఏడాదిలో ఒక్కసారైనా ఆలోచించాడా?

"కాదండీ" అన్నాడు. "నాకే కళ్ళు ఆనడం లేదు."

ఆవిడ ఏదో రాసుకుంది. "ఈ డ్రమ్ము లెక్కలోకి రాదు. ఇంకోటి పెట్టండి, చూసి వెళ్తాను."

కొత్త డ్రమ్ము అంటుకుంది. కోడలు కుర్చీ ఈడ్చుకొచ్చింది. ఆయన మొహం మాడ్చుకున్నాడు. కోడలు మాత్రం గొట్టం ఆయన చేతిలో పెట్టి, కుర్చీలో తనే కూర్చుంది. ఇవాళ తనంతట తాను ఒక్క మాటా మాట్లాడలేదు.

చాలాసేపటికి ఆయనే అడిగాడు.

"అమ్మాయ్, పొగ ఏ రంగులో ఉందమ్మా?"